చొక్కాకు మట్టి అంటితే అంటనివ్వండి

చవితి ముందు మన హైదరాబాద్ నగరంలో చాలా బడులు పిల్లల చేత మట్టి గణపతులు చేయిస్తాయి. ఖైరతాబాద్ పిల్లలకైతే ఈ పాఠం ఇంటి దగ్గరే కనబడుతుంది. 1954లో సింగరి శంకరయ్య ఒక్క అడుగు విగ్రహంతో మొదలుపెట్టిన గణపతి ఏటా అడుగు చొప్పున పెరిగి 2014కల్లా 60 అడుగులయ్యాడు. ఏళ్ల తరబడి ప్లాస్టర్ ఆఫ్ పారిస్‌తోనే చేశారు. హుస్సేన్‌సాగర్‌లో ప్లాస్టర్ విగ్రహాలు కలపొద్దని 2021లో హైకోర్టు చెప్పింది. ఆ మరుసటేడే తొలిసారిగా 50 అడుగుల మట్టి గణపతి కూర్చున్నాడు. అంత పెద్దాయనే మారాడు, మన ఇంటి పీట మీది బొమ్మ మారడానికేం?

చిక్కు వచ్చేది ఇంట్లోనే. పిల్లవాడు తెచ్చిన వంకర తొండం వినాయకుణ్ని టీవీ పక్కన పెట్టి, పూజకు మాత్రం తళతళలాడే రంగుల బొమ్మ కొనుక్కొస్తాం. బడిలో చెప్పేవి మార్కుల కోసమేనని వాడికి ఆ రోజే అర్థమైపోతుంది. పీట మీద వాడి బొమ్మనే పెట్టండి. చెవి ఒకటి చిన్నదైతే స్వామి ఏమీ అనుకోడు.

తొండం, చెవులు సన్నగా ఉంటాయి కాబట్టి ముందే ఆరిపోయి బీటలిస్తాయి. ఎండలో పెట్టనివ్వకండి. నీడలో, తడిగుడ్డ కప్పి మెల్లగా ఆరనివ్వాలి. బీట పడితే మట్టిని నీళ్లలో పలచగా కలిపి వేలితో మెత్తమని చెప్పండి. మీరు మెత్తకండి. రంగు కావాలంటే పసుపు, కుంకుమ ఉండనే ఉన్నాయి.

నిమజ్జనం బకెట్లోనే చేయించండి. పక్కన ఇంకో బకెట్లో పాత ప్లాస్టర్ ముక్క ఒకటి వేయించండి. తెల్లారేసరికి మట్టి బొమ్మ అడుగున బురదై ఉంటుంది, ప్లాస్టర్ ముక్క ముక్కలాగే ఉంటుంది. జిప్సం రాయిని తవ్వి, వేడిచేసి ప్లాస్టర్ పొడి చేస్తారని, ఆ వేడికి ఇంధనం కాలుతుందని అప్పుడు చెప్పండి. వాతావరణం అనే పెద్ద మాట వాడికి అక్కడ అందుతుంది. ఆ బురదను కుండీలో పోసి నాలుగు మెంతులు చల్లితే మిగతా పాఠం మొక్కలే చెబుతాయి.

"మరి ఖైరతాబాద్‌లో అంత పెద్ద విగ్రహానికి మట్టి ఎక్కడ తవ్వారు?" అని అడిగితే కసురుకోకండి. మంచి ప్రశ్నే. మట్టీ ఊరికే రాదు.

ఇంకో మాట. 'పర్యావరణాన్ని కాపాడుదాం' ప్రాజెక్టుకు అబిడ్స్‌కు పరుగెత్తి థర్మోకోల్ షీట్లు, మెరుపు కాగితాలు కొని, రాత్రి పదకొండింటిదాకా కూర్చుని అమ్మానాన్నలే అతికించే ఇళ్లు తక్కువేం కాదు. దానికన్నా పిల్లవాడు పాత అట్టపెట్టెతో చేసిన అవకతవక నమూనాయే వెయ్యి రెట్లు నయం. టీచరు మార్కులు తగ్గిస్తే వెళ్లి మాట్లాడండి.

మట్టి బొమ్మలు చేసే రోజున మాత్రం పాత చొక్కా వేసి పంపండి.