సేంద్రియ ప్రత్తి వస్త్రం: చేను నుండి చొక్కా వరకు తెగని గొలుసు

నూజివీడు ప్రాంతం మామిడికి పెట్టింది పేరు. బంగినపల్లి, చిన్న రసాలు, తోతాపురి రకాల తోటలు ఇక్కడి ఎర్ర నేలల్లో విస్తరించి ఉన్నాయి. 2022లో ఏలూరు జిల్లాలో చేరే వరకు ఈ ప్రాంతం కృష్ణా జిల్లాలో భాగం. అదే పాత కృష్ణా జిల్లా మెట్ట మండలాల్లోని నల్లరేగడి నేలల్లో ప్రత్తి పండుతుంది. సముద్ర తీరానికి చేరువలో పెడన, మచిలీపట్నం పరిసరాల్లో కలంకారీ అద్దకం తరతరాలుగా సాగుతున్నది. ప్రత్తి, రంగునిచ్చే చెట్టు, అద్దకపు నైపుణ్యం ఒకదానికొకటి ఇంత దగ్గరగా ఉండటం అరుదు. అయితే దగ్గరగా ఉన్నంత మాత్రాన సేంద్రియ వస్త్రం తయారు కాదు. విత్తనం నుండి కుట్టు వరకు ప్రతి దశలోనూ సరుకు గుర్తింపు చెదరకుండా నిలిచినప్పుడే ఆ పేరు సార్థకమవుతుంది. ఏ ఒక్క దశలో గుర్తింపు చెదిరినా, అంతకు ముందు రైతు పడిన శ్రమకు విలువ దక్కదు.

మూడు పేర్లు, మూడు అర్థాలు

పురుగుమందులు లేని సాగు, ప్రకృతి సాగు, ధ్రువీకృత సేంద్రియ సాగు అనే పేర్లను మార్కెట్లో ఒకే అర్థంలో వాడుతున్నారు. అవి ఒకటి కావు. ఖమ్మం జిల్లా పాల్వంచ మండలంలోని పునుకుల (ప్రస్తుతం భద్రాద్రి కొత్తగూడెం జిల్లా) ఇందుకు మంచి ఉదాహరణ. 1997-98లో పురుగు ఉధృతి, మందుల అప్పులు వరంగల్ ప్రత్తి రైతులను కుంగదీసి, పలువురి ఆత్మహత్యలకు దారితీశాయి. ఆ నేపథ్యంలో 1999 నుండి పునుకుల రైతులు స్వచ్ఛంద సంస్థల సహకారంతో రసాయన పురుగుమందులను క్రమంగా మానివేశారు. కొద్ది సంవత్సరాలలోనే గ్రామం పురుగుమందులు లేని గ్రామంగా గుర్తింపు పొందింది. సాగు ఖర్చు తగ్గి, అప్పుల ఒత్తిడి సడలింది. ఈ విధానం తరువాత ఉమ్మడి రాష్ట్రంలో మహిళా సంఘాల ద్వారా విస్తరించి, నేటి ఆంధ్రప్రదేశ్ ప్రకృతి వ్యవసాయానికి పునాది అయింది. అయితే పురుగుమందులు మానిన చేనిలో రసాయన ఎరువులు వాడవచ్చు; బీటీ విత్తనమూ ఉండవచ్చు. అటువంటి ప్రత్తి రైతుకు మేలు చేస్తుంది గాని, సేంద్రియ ప్రత్తి అనిపించుకోదు.

2001లో రూపొందిన జాతీయ సేంద్రియ ఉత్పత్తి కార్యక్రమం ప్రకారం రసాయన ఎరువులు, పురుగుమందులతో పాటు జన్యుమార్పిడి విత్తనం కూడా నిషిద్ధం. ప్రత్తి వంటి వార్షిక పంటలకు సాధారణంగా రెండేళ్ళ మార్పిడి కాలం ఉంటుంది. ఈ కాలంలో దిగుబడి తగ్గే అవకాశం ఉన్నప్పటికీ సేంద్రియ ధర లభించదు. రైతుకు అసలైన పరీక్ష ఇదే.

విత్తనం, సస్యరక్షణ

2002లో బీటీ ప్రత్తికి అనుమతి లభించిన తరువాత దేశంలోని ప్రత్తి విస్తీర్ణంలో అత్యధిక భాగం దాని కిందికి వచ్చింది. ఫలితంగా బీటీయేతర విత్తనం దొరకడమే కష్టమైంది. గులాబీ రంగు కాయతొలుచు పురుగు బీటీని తట్టుకొనే శక్తిని పెంపొందించుకొన్న నేపథ్యంలో సూటి రకాలకు తిరిగి ప్రాధాన్యం ఏర్పడుతున్నది. సూటి రకాల విత్తనాన్ని రైతు దాచుకొని మరుసటి ఏడు విత్తుకోవచ్చు. హైబ్రిడ్ విత్తనోత్పత్తిలో ప్రతి పువ్వునూ చేతితో పరాగ సంపర్కం చేయవలసి ఉంటుంది. ఒకప్పుడు కర్నూలు, మహబూబ్‌నగర్ జిల్లాల విత్తన క్షేత్రాలలో ఈ పనికి బాలికలను పెద్ద సంఖ్యలో నియోగించిన సంగతి తెలిసినదే. వస్త్రం నైతికమైనదా కాదా అనే ప్రశ్న విత్తనం వద్దనే మొదలవుతుందనడానికి ఇది నిదర్శనం.

సస్యరక్షణలో ఈ క్రింది పద్ధతులు ఆచరణీయం:

- వేసవిలో లోతు దుక్కులు దున్ని, నేలలోని పురుగు కోశాలను ఎండకు, పక్షులకు గురిచేయాలి.
- చేను చుట్టూ జొన్న లేదా మొక్కజొన్న కంచె పంటగా వేయాలి. పొగాకు లద్దె పురుగుకు ఆముదం, శనగపచ్చ పురుగుకు బంతి ఎర పంటలుగా పనికివస్తాయి.
- లింగాకర్షక బుట్టలతో కాయతొలుచు పురుగుల ఉనికిని గమనించాలి. తెల్లదోమకు పసుపు రంగు జిగురు అట్టలు అమర్చాలి.
- అవసరాన్ని బట్టి 5 శాతం వేప గింజల కషాయం పిచికారీ చేయాలి.
- చివరి తీత తరువాత మోళ్ళను చేనిలో నిలవ ఉంచరాదు.

తీత, జిన్నింగు, వడుకు

మంచు ఆరిన తరువాత, బాగా విచ్చిన కాయల నుండి మాత్రమే ప్రత్తి తీయాలి. ప్లాస్టిక్ సంచులకు బదులు నూలు గుడ్డ సంచులు వాడాలి. ప్లాస్టిక్ పోగు ఒక్కటి దూదిలో కలిసినా గుడ్డ మీద మచ్చగా తేలుతుంది. సేంద్రియ ప్రత్తిని విడి గదిలో, విడి చీటీలతో నిలవ చేయాలి.

గుర్తింపు ఎక్కువగా చెదిరేది జిన్నింగు మిల్లులో. అక్కడ పలువురి ప్రత్తి ఒకే కుప్పగా చేరుతుంది. సేంద్రియ ప్రత్తిని ఆడించే ముందు యంత్రాలను శుభ్రపరచి, ఆ సరుకును వేరుగా ఆడించి, బేళ్ళకు వేరు సంఖ్యలు వేయాలి. ఒక బేలు 170 కిలోల దూదికి సుమారు 5 క్వింటాళ్ళ ప్రత్తి కావాలి. కొద్ది ఎకరాల రైతు ఒంటరిగా మిల్లును నిలిపించలేడు. సంఘంగా ఏర్పడినప్పుడే అది సాధ్యం.

ఇందుకు మరొక మార్గాన్ని మల్ఖా ప్రయోగం చూపింది. మల్మల్, ఖాదీ పదాల కలయికగా ఏర్పడిన ఈ పేరుతో, ఉజ్రమ్మ చొరవతో, తెలుగు జిల్లాలలో చిన్న వడుకు కేంద్రాలు వెలిశాయి. దూదిని బేలుగా బిగించి మళ్ళీ విడదీయడం వల్ల పోగు దెబ్బతింటుంది. ప్రత్తి పండే చోటనే వడికితే ఆ దశ అక్కరలేదు, రవాణా తగ్గుతుంది, నేతగానికి నూలు చేరువలో దొరుకుతుంది. చిన్న కేంద్రంలో ఏ ప్రత్తి ఏ నూలు అయిందో గుర్తుపట్టడమూ తేలికే. ఈ పద్ధతి దానంతటదే సేంద్రియ ధ్రువీకరణ కాదు. కాని సేంద్రియ ప్రత్తికి ఇది ఎంతో అనుకూలమైన చట్రం.

అద్దకంలో మామిడి ఆకు

మామిడి ఆకులో టానిన్లతో పాటు మాంజిఫెరిన్ అనే పసుపు వర్ణ పదార్థం ఉన్నది. ఆకు కషాయంలో పటికతో నూలుకు పసుపు ఛాయలు, ఇనుప లవణంతో ముదురు బూడిద ఛాయలు వస్తాయి. కోత ముగిసిన తరువాత తోటల్లో చేసే కొమ్మ కత్తిరింపుల నుండి ఈ ఆకు ఖర్చు లేకుండా లభిస్తుంది. బెరడు కోసం నిలిచి ఉన్న చెట్టును చెక్కరాదు. పురుగుమందులు పిచికారీ చేసిన తోటల ఆకు సేంద్రియ వస్త్రానికి తగదు. ఆకు ముదురు, నీటి స్వభావాలను బట్టి రంగు మారుతుంది గనుక ముందుగా చిన్న గుడ్డ ముక్కపై పరీక్షించాలి.

కలంకారీలోనూ ఇదే జాగ్రత్త అవసరం. కరక్కాయ, పటిక, బెల్లపు నీటిలో తుప్పు ఇనుము నానవేసి తీసిన నల్లని ద్రవం సంప్రదాయ ద్రవ్యాలు. ఎరుపునిచ్చే చిరివేరు స్థానంలో కృత్రిమ అలిజరిన్ ఏనాడో ప్రవేశించింది. కాబట్టి కలంకారీ అనే పేరు మాత్రమే సహజ రంగుకు హామీ కాదు. గ్లోబల్ ఆర్గానిక్ టెక్స్‌టైల్ స్టాండర్డ్ జిన్నింగు మొదలుకొని రంగులు, వ్యర్థ జలాలు, కార్మికుల పని పరిస్థితుల వరకు పరిశీలిస్తుంది. సేంద్రియ ముద్రకు కనీసం 95 శాతం, 'సేంద్రియ నూలుతో తయారైనది' అనే ముద్రకు కనీసం 70 శాతం ధ్రువీకృత సేంద్రియ పోగు ఉండాలి.

చొక్కా ధరలో రైతు వాటా

ఒక స్థూల లెక్క పరిశీలించదగినది. 100 కిలోల ప్రత్తి నుండి సుమారు 34 కిలోల దూది వస్తుంది. వడుకులో తరుగు పోగా 29 కిలోల నూలు, కత్తిరింపు వృథా పోగా 200 గ్రాముల చొక్కాలు సుమారు 120 తయారవుతాయి. రైతుకు క్వింటాలుకు 1,000 రూపాయలు అదనంగా చెల్లించారనుకొంటే, ఒక్కొక్క చొక్కాపై పడే భారం 8 రూపాయలకు కొంచెం ఎక్కువ. సేంద్రియ వస్త్రం ఖరీదు ఇంతకు అనేక రెట్లు పెరిగిన చోట, ఆ పెరుగుదలకు రైతుకు చెల్లించిన ధర కారణం కాదు. ధ్రువీకరణ, చిన్న మొత్తాల ఉత్పత్తి, రవాణా, దుకాణపు లాభం అందులో ఎక్కువ భాగం తీసుకొంటాయి.

కనుక మార్పిడి కాలపు రెండేళ్ళలో రైతు నష్టాన్ని కొనుగోలుదారు కొంత భరించే ముందస్తు ఒప్పందం, రైతు సంఘం ద్వారా విడి జిన్నింగు, సమీపంలో చిన్న వడుకు కేంద్రం, పరీక్షించిన సహజ రంగు అనే నాలుగు ఏర్పాట్లు జరిగినప్పుడే మెట్ట ప్రత్తి, నూజివీడు ఆకు, పెడన అద్దకం ఒకే వస్త్రంలో కలుస్తాయి. వీటిలో మొదటిది ముందుగా జరగాలి. చేనిలో రైతు నిలవలేకపోతే మిగిలిన మూడింటికీ పని ఉండదు.