నట్లు బిగిసినంత మాత్రాన చక్రం కుదిరినట్టేనా?

సంచికకు ఏదైనా వ్రాసి ఇమ్మని సంఘం కార్యదర్శి నాలుగుసార్లు అడిగాడు. కవిత్వం నా వల్ల కాదు. అందుచేత గత వేసవిలో నా మెడకు చుట్టుకున్న ఒక సంగతినే పాఠంగా వ్రాస్తున్నాను.

గుడివాడలో మా మేనమామ పాత హ్యుండాయ్ ఐ20 కారు కొన్నాడు. ఎవరో విప్పి అమ్మిన అలాయ్ వీల్స్ నాలుగు చవకగా దొరుకుతున్నాయని, "ఒరే అల్లుడూ, మెకానికల్ చదువుతున్నావుగా, వచ్చి చూసి చెప్పు" అని కబురు పెట్టాడు. నేనూ మహాపండితుడిలా వెళ్ళాను. కారు చక్రానికీ దీనికీ నాలుగేసి రంధ్రాలు. రెండూ 14 అంగుళాలవే. టేపు పెట్టి ఎదురెదురు రంధ్రాల మధ్య దూరం చూస్తే పది సెంటీమీటర్లు. "సరిపోతాయి మావయ్యా" అనేశాను. చక్రాలు ఎక్కాయి, నట్లు బిగిశాయి.

వారం తిరక్కుండా అత్తయ్యనూ పిల్లలనూ ఎక్కించుకొని ఏలూరు పెళ్ళికి బయలుదేరాం. హనుమాన్ జంక్షన్ దాటాక స్టీరింగు వణకడం మొదలైంది. రోడ్డు ప్రక్క పంక్చర్లు వేసే అతను ముందు చక్రం మీద చెయ్యి వేశాడు. రెండు నట్లు వేళ్ళతోనే తిరిగాయి! బిగించుకొని, ముప్ఫై వేగం దాటకుండా ఇంటికి చేరాం. మావయ్య నన్ను ఒక్క మాటా అనలేదు. అంటే బాగుండేది.

మర్నాడు వెర్నియర్ పెట్టి కొలిచాను. 98 మిల్లీమీటర్లు. ఫియట్ పాలియో, పుంటో కార్ల కొలత అది. ఐ20 కి కావలసింది 100. ప్రయోగశాలలో ఇనుప గుండు వ్యాసాన్ని మిల్లీమీటరులో యాభయ్యో వంతు దాకా కొలిచే వాణ్ణి, మనుషులెక్కే కారుకు వడ్రంగి టేపు పెట్టానన్న మాట.

రెండు మిల్లీమీటర్లే కదా అంటారేమో. రంధ్రాల కేంద్రాలగుండా పోయే వృత్తం వ్యాసాన్ని పి.సి.డి. అంటారు. అందులో 2 తేడా ఉంటే ప్రతి స్టడ్డూ తన రంధ్రంలో 1 మిల్లీమీటరు ఓరగా నిలుస్తుంది. నట్టు మొన గరాటులాగ ఏటవాలుగా ఉంటుంది గదా, అది గుంటలో చుట్టూరా ఆనుకోకుండా ఒక ప్రక్కనే నొక్కుతుంది. స్పానరుకు మాత్రం బిగువుగానే తగులుతుంది. అదే మోసం. బండి నడిచేకొద్దీ నట్టు సర్దుకుంటూ వదులవుతుంది, స్టడ్డు వంగుతూ అలసిపోతుంది.

కొలిచే పద్ధతి సులభమే. చక్రాన్ని బోర్లించి, రంధ్రం తిన్నగా ఉండే వెనుక వైపున, ఎదురెదురు రంధ్రాల లోపలి అంచుల మధ్య దూరం తీసికొని ఒక రంధ్రం వ్యాసం కలపాలి. అయిదు రంధ్రాలుంటే ఎదురు రంధ్రం దొరకదు. అప్పుడు ప్రక్కప్రక్క కేంద్రాల దూరాన్ని 1.701 తో హెచ్చించాలి. ఫోక్స్‌వాగన్ పోలోకు 58.8 వస్తుంది, అంటే 100.

రెండవది నడిమి బెజ్జం. ఐ20 హబ్బు 54.1, ఫియట్ చక్రం బెజ్జం 58.1. బెజ్జం పెద్దది కాబట్టే చక్రం హాయిగా జారి కూర్చుంది, నేను మురిసిపోయాను. చక్రాన్ని నడిమధ్యన నిలిపేది హబ్బు. అది వదులైతే ఆ పని నట్ల మీద పడుతుంది. పి.సి.డి. సరిపోయి, బెజ్జం మాత్రమే పెద్దదైతే సరైన రింగు వేసి సరిచేయవచ్చు. పి.సి.డి. తప్పితే రింగు కాపాడదు.

మూడవది ఆఫ్‌సెట్. చక్రం వెనుక ఈ.టి. 45 అని పోతపోసి ఉంటుంది. హబ్బుకు ఆనే ముఖం రిమ్ము నడిమి గీతకన్న 45 మిల్లీమీటర్లు బయటి వైపుకు ఉందని దాని అర్థం. 45 ఉండవలసిన చోట 35 వేస్తే చక్రం 10 మిల్లీమీటర్లు బయటకు వస్తుంది. చూపుకు ఠీవిగానే ఉంటుంది, బేరింగుకే చేటు. స్టీరింగు పూర్తిగా త్రిప్పి, వెనుక నలుగురిని కూర్చోబెట్టి మడ్‌గార్డుకు రాసుకుంటుందేమో చూడాలి. బ్రేకు కాలిపర్‌కు తగలకుండా చేత్తో ఒక చుట్టు త్రిప్పి చూడడం ఎలాగూ తప్పదు.

నట్టు సంగతి మరువకండి. హోండా వారి సొంత చక్రాలకు గుండ్రని మొన నట్లు వస్తాయి. బయటి చక్రాలకు సాధారణంగా ఏటవాలువి కావాలి. ఒకదానిది ఇంకొకదానికి వాడరాదు. 12 మిల్లీమీటర్ల స్టడ్డుకు, మర 1.5 అయితే, నట్టు కనీసం ఎనిమిది చుట్లు ఎక్కాలి.

ఇక వాడిన సరుకు గనుక లోపలి అంచు చూడండి. గుంతలో పడ్డ దెబ్బ అక్కడే ఉంటుంది. కొత్త రంగు క్రింద వెల్డింగు దాగి ఉంటే ఆ చక్రం వద్దు. బ్యాలెన్సింగు యంత్రంపై త్రిప్పిస్తే వంకర తెలిసిపోతుంది.

దసరా సెలవుల్లో మావయ్య మళ్ళీ నన్నే తీసుకెళ్ళాడు. జేబులోంచి వెర్నియర్ తీస్తే దుకాణదారు నవ్వాడు. రెండు సెట్లు కాదన్నాను. మూడవది 100 తేలింది. బెజ్జం 60.1. రింగులు వేయించి, వంద కిలోమీటర్లు తిరిగాక నట్లు మళ్ళీ బిగించాను. ఈసారి టార్క్ స్పానర్ మావయ్యే కొన్నాడు.