ఫాక్‌లాండ్స్ యుద్ధం: ఎవరి సరిహద్దు లెక్క వారిది

1982 ఏప్రిల్ 2న అర్జెంటీనా సేనలు దక్షిణ అట్లాంటిక్‌లోని బ్రిటిష్ పాలిత ఫాక్‌లాండ్ దీవులను ఆక్రమించాయి. జూన్ 14న లొంగిపోయాయి. సేనలు వైదొలగాలన్న భద్రతా మండలి 502వ తీర్మానానికి అనుకూలంగా 10, వ్యతిరేకంగా 1 (పనామా) ఓట్లు పడ్డాయి. 4 దేశాలు తటస్థంగా ఉన్నాయి. కొన్ని దేశాల వైఖరి వెనుక సొంత సరిహద్దు తగాదాలు ఉన్నాయి.

• వెనిజులా: గయానా అధీనంలోని ఎసెకీబో ప్రాంతం తమదేనంటుంది, దానిపై 1899 నాటి మధ్యవర్తిత్వ తీర్పును అంగీకరించదు. అర్జెంటీనాను గట్టిగా సమర్థించింది.

• గయానా: అప్పట్లో మండలిలో తాత్కాలిక సభ్యదేశం. బలప్రయోగాన్ని ఒప్పుకుంటే రేపు ఎసెకీబోకూ అదే గతి పట్టవచ్చు. అందుకే తీర్మానానికి ఓటేసింది.

• చిలీ: బీగిల్ జలసంధిలోని పిక్టన్, లెనాక్స్, నువేవా దీవులు చిలీవేనని 1977లో తీర్పు వచ్చింది. అర్జెంటీనా దాన్ని తిరస్కరించడంతో 1978 డిసెంబరులో రెండు దేశాలూ యుద్ధం అంచుదాకా వెళ్లాయి. 1982లో పైకి తటస్థంగా కనిపించిన చిలీ, అర్జెంటీనా విమానాల కదలికలపై రాడార్ సమాచారాన్ని బ్రిటన్‌కు రహస్యంగా చేరవేసింది.

• స్పెయిన్: జిబ్రాల్టర్‌పై బ్రిటన్‌తో వివాదం ఉంది. మండలి ఓటింగ్‌లో తటస్థంగా నిలిచింది.

గుర్తుంచుకోండి: బీగిల్ వివాదం పోప్ రెండో జాన్ పాల్ మధ్యవర్తిత్వంతో 1984 ఒప్పందం ద్వారా పరిష్కారమైంది. ఎసెకీబో వివాదంపై గయానా 2018లో అంతర్జాతీయ న్యాయస్థానానికి వెళ్లింది.

మాదిరి ప్రశ్న: ఎసెకీబో ప్రాంతం ఏ రెండు దేశాల మధ్య వివాదాస్పదం?
జవాబు: గయానా, వెనిజులా.