గుట్ట దాకా విహారం

సెలవులు అనగానే దూరప్రయాణం మన మనస్సులో మెదులుతుంది. ఊటీ చల్లదనం, విశాఖ సముద్రతీరం తప్పక చూడదగినవే. అయితే ప్రతి ప్రయాణమూ విహారం కాదు. కర్నూలు జిల్లా పడమటి భాగంలోని ఆదోని, ఎమ్మిగనూరు పరిసర గ్రామాలకు ఈ సత్యం బాగా తెలుసు. వానలు ముఖం చాటేసిన ఏడు అక్కడి మెట్టచేలలో పంట చేతికి రాదు. అప్పుడు ఎన్నో కుటుంబాలు ఇళ్ళకు తాళాలు వేసి, పత్తి తీయడానికి, మిరపకాయలు కోయడానికి గుంటూరు ప్రాంతానికి వలస వెళ్తాయి.

నేను ఇంటర్మీడియట్ చదువుతున్న రోజులలో మా పొరుగింటివారు కూడా అలాగే బయలుదేరారు. వారి కుమారుడు ఎనిమిదో తరగతి చదివేవాడు. తన కుక్కను మా వాకిట కట్టి, "అన్నా, లారీలో వీణ్ణి ఎక్కించుకోరంట. ఉగాదికి వస్తాం. అంతవరకు మా కరియను చూసుకోన్నా" అన్నాడు. కన్నడసీమకు చేరువైన మా ప్రాంతంలో నల్లని కుక్కకు ఆ పేరు సహజమే. నాన్నగారు ముందుగా దానిని పశువైద్యశాలకు తీసుకువెళ్ళి రేబిస్ టీకా వేయించారు. 1885లో లూయీ పాశ్చర్ పిచ్చికుక్క కరిచిన ఒక బాలుని ఈ వ్యాధి టీకాతోనే కాపాడాడు. పెంపుడు కుక్కకు టీకా వేయించడం దానికీ మనకూ రక్ష.

కొన్నాళ్ళకు సంక్రాంతి సెలవులు వచ్చాయి. మిత్రులు కొందరు హైదరాబాదుకు, మరికొందరు తిరుపతికి వెళ్ళారు. నేను కరియతో ఊళ్ళోనే మిగిలాను. అది పగలంతా తాళం వేసిన ఇంటి గడప ముందే పడుకొనేది. అన్నం పెడితే సగమే తినేది. దాని దిగులు చూడలేక ఒకనాటి ఉదయం ఊరి వెలుపలి గుట్టకు తీసుకువెళ్ళాను.

త్వరగా కొన చేరి తిరిగిరావాలని నా తొందర. కరియ మాత్రం ప్రతి పొదనూ వాసన చూస్తూ నడిచింది. సగం దారిలో కుంటుతూ ఆగిపోయింది. ముందుకాలిలో తుమ్మముల్లు దిగింది. నెమ్మదిగా ముల్లు తీసి, సీసాలోని నీటితో కాలు కడిగి, బండ నీడలో దాని పక్కనే కూర్చున్నాను.

చిన్ననాటినుండి ఎరిగిన చోటును ఆ గంటసేపట్లో తొలిసారిగా చూశాను. కింద నల్లరేగడి చేలలో మిగిలిన పత్తి తెల్లగా మెరుస్తోంది. వేపకొమ్మ మీది పాలపిట్ట ఎగరగానే నీలిరెక్కలు విచ్చుకొన్నాయి. ఒక తొండ రాతిపై ఎండ కాచుకొంటోంది. దూరాన ఆదోని కొండలు మసకగా కనిపించాయి. ఆ కొండలపై ఉన్న కోట విజయనగర రాజుల కాలంలో పేరుమోసినది. 1568లో బిజాపూరు సుల్తానుల వశమైంది. 1786లో టిప్పు సుల్తాను దానిని పట్టుకొన్నాడు. మరో దిక్కున ఎమ్మిగనూరు. మాచాని సోమప్ప 1938లో చేనేత సహకార సంఘాన్ని స్థాపించి నేతగాళ్ళకు ఆసరా కల్పించిన ఊరది. నేను వీటిని తలచుకొంటూ ఉండగా, కరియ చెవులు నిక్కించి రోడ్డున పోతున్న లారీ వైపే చూస్తోంది.

మర్నాటినుండి రోజూ గుట్టకు వెళ్ళాము. గొర్రెల మందలు బెదరకుండా తాడు చేతిలోనే ఉంచుకొనేవాణ్ణి. కుక్కకు మనవలె ఒళ్ళంతా చెమట పట్టదు. నాలుక చాచి రొప్పుతూ వేడిని తగ్గించుకొంటుంది. అందుకే ఎండ ముదరకముందే ఇల్లు చేరేవాళ్ళం. సెలవులు ముగిసేనాటికి కరియ గిన్నె ఖాళీ చేయసాగింది.

ఉగాదికి రెండు రోజుల ముందు అది హఠాత్తుగా తాడు తెంచుకొని వీధి మొగదలకు పరుగెత్తింది. లారీ దిగిన బాలుని మీదికి ఎగిరి దూకింది. వాడు చిక్కిపోయాడు. కుక్కను నిమురుతూ, "చదువు మూడు నెలలు పోయిందన్నా" అన్నాడు.

"సాయంత్రం పుస్తకాలు తీసుకురా, ఇద్దరం కూర్చుందాం" అన్నాను.

మరునాడు ఉదయం ముగ్గురం గుట్టకు బయలుదేరాము. నాకు విహారమైన ఆ దారి వానికి ఇంటికి చేరిన ఆనందం. కరియ ముందు నడిచింది. ఈసారి నేను తొందరపడలేదు.

ప్రశ్నలు
1. "ప్రతి ప్రయాణమూ విహారం కాదు" అని రచయిత ఎందుకన్నాడు?
2. గుట్టపై ఆగిన సమయంలో రచయిత చూసిన విశేషాలను వివరించండి.
3. మీ ఊరికి చేరువలో ఉన్న ఒక ప్రకృతి ప్రదేశాన్ని గురించి పది వాక్యాలు రాయండి.