కుండ చెప్పిన కథ

పొలం దున్నేటప్పుడు ఒక్కోసారి నాగలికి కుండ పెంకు తగులుతుంది. మనం దాన్ని గట్టు మీదికి విసిరేస్తాం. కానీ ఆ పెంకు వేల ఏళ్ళ నాటిది కావచ్చు.

కళ్యాణదుర్గం దగ్గర ముదిగల్లు అనే ఊరుంది. అక్కడ పెద్ద పెద్ద బండలతో కట్టిన పాత సమాధులున్నాయి. ఇలాంటి వాటిని కొందరు రాక్షసగుళ్ళు అంటారు. కొందరు పాండవగుళ్ళు అంటారు. కట్టింది రాక్షసులు కాదు, పాండవులూ కాదు. రెండు వేల ఏళ్ళకు ముందే ఈ సీమలో బతికిన మనుషులు. చనిపోయిన వాళ్ళ పక్కన కుండలు, ఇనుప పనిముట్లు పెట్టేవాళ్ళు.

ఆ కాలపు కుండలు చాలావరకు లోపల నలుపు, బయట ఎరుపు. అది పూసిన రంగు కాదు. కుండను బోర్లించి కాల్చేవాళ్ళని పండితులు చెబుతారు. గాలి తగిలిన వైపు ఎర్రబడింది. తగలని వైపు నల్లబడింది. ఎంత నేర్పు!

రాబర్ట్ బ్రూస్ ఫుట్ అనే దొర ఊరూరా తిరిగి పాత కుండలు, రాతి పనిముట్లు పోగుచేశాడు. 1904లో వాటిని మద్రాసు మ్యూజియం కోసం ప్రభుత్వం కొన్నది. వాటిలో మన జిల్లావీ ఉన్నాయి.

కుండలు దాచి చూపే మ్యూజియాలు వేరే దేశాల్లోనూ ఉన్నాయి. దక్షిణ అమెరికాలో పెరూ అనే దేశముంది. అక్కడ సముద్రం ఒడ్డున వానలే లేని ఎడారి. సుమారు 1500 ఏళ్ళ కిందట మోచే అనే జనం అక్కడ కాలువలు తవ్వి పంటలు పండించారు. వాళ్ళకు రాత లేదు. తాము పండించిన వాటిని మట్టితో చేసి చూపారు. లీమా నగరంలోని లార్కో మ్యూజియంలో వాళ్ళు మట్టితో చేసిన వేరుశెనగ కాయ ఉంది. అవునక్కా, మనం వేసే శెనక్కాయే! దాని పుట్టిల్లు దక్షిణ అమెరికా. అక్కడినుంచే అది మన చేలకు వచ్చింది.

రాత లేని వాళ్ళ సంగతులు మనకు కుండలే చెబుతాయి. అందుకే వాటిని పగలగొట్టకూడదు. గుప్తనిధి ఉందని కొందరు పాత సమాధులు తవ్వేస్తారు. అక్కడ ఉండేది ఎముకలు, కుండలు. కుండ పగిలితే కథ పోతుంది.

మీ పొలంలో పాత వస్తువు కనబడితే కదిలించకండి. ఏ రోజు, ఏ చేనులో కనబడిందో కాగితం మీద రాయండి. తహశీల్దారుకు ఇవ్వండి. నేలలో దొరికిన నిధి గురించి కలెక్టరుకు తెలపాలని 1878 నాటి చట్టం చెబుతుంది.

ఆ కుండలు చేసిన వాళ్ళకు రాయడం రాదు. మనకు వచ్చు.

చెప్పండి:
1. కుండ లోపల నలుపు ఎందుకు వచ్చింది?
2. వేరుశెనగ పుట్టిల్లు ఏది?
3. మీ ఊరి దగ్గర పాత సమాధులు ఉన్నాయా? వాటిని ఏమని పిలుస్తారు?

రాయండి: మీ చేనులో పాత కుండ కనబడిందని తహశీల్దారుకు అర్జీ.