సిక్లగు కాలిపోయిన రోజు (1 సమూయేలు 30వ అధ్యాయము)



ఈ వారం పాఠం ముఖ్యంగా యూకేలో కేర్ పనిలో ఉన్న మన తెలుగువాళ్ల కోసం రాస్తున్నాను. గల్ఫ్‌లో ఉన్నవాళ్లు కూడా చదవండి, మీకూ పనికొస్తుంది. బైబిలు దగ్గర ఉంటే 1 సమూయేలు 30వ అధ్యాయము తీసి పెట్టుకోండి. నైట్ డ్యూటీలో ఉంటే బ్రేక్‌లో చదువుకోండి.

సంగతి మీకు తెలిసిందే. 2022 ఫిబ్రవరిలో కేర్ వర్కర్లకు వీసా దారి తెరిచారు. మనవాళ్లు పొలం తాకట్టు పెట్టి, అమ్మ మెడలో బంగారం బ్యాంకులో పెట్టి, ఏజెంట్లకు లక్షలు కట్టి వచ్చారు. వచ్చాక కొందరికి మంచి కేర్ హోమ్‌లు దొరికాయి, దేవునికి స్తోత్రం. కొందరికి చెప్పిన గంటలు లేవు, కొందరికి అసలు కంపెనీలో పనే లేదు. 2022 జూలై నుంచి 2024 డిసెంబరు లోపల కేర్ రంగంలో 470కి పైగా కంపెనీల స్పాన్సర్ లైసెన్సులు రద్దు చేశామని అక్కడి ప్రభుత్వమే చెప్పింది. ఆ కంపెనీలతో ముడిపడిన పనివాళ్లు 39 వేలకు పైనే. తప్పు కంపెనీది, లెటర్ మాత్రం పనివాడికి వస్తుంది. 60 రోజుల్లో ఇంకో స్పాన్సర్‌ని చూసుకోవాలి, లేకపోతే దేశం వదలాలి. వీసా అంతకంటే ముందే అయిపోయేలా ఉంటే ఆ 60 రోజులు కూడా ఉండవు.

ఆ లెటర్ చేతిలో పట్టుకుని కూర్చున్న చెల్లీ, తమ్ముడూ, ఇప్పుడు దావీదు దగ్గరకు రండి.

దావీదు అప్పటికి రాజు కాదు, పరదేశంలో బతుకుతున్నవాడు. సౌలు చేతిలో చస్తానేమో అని భయపడి ఫిలిష్తీయుల దేశం పోయాడు (27:1). అక్కడి రాజు ఆకీషు ఉండటానికి సిక్లగు అనే ఊరు ఇచ్చాడు. ఒక సంవత్సరం నాలుగు నెలలు అక్కడున్నాడు. ఇతను ఇక జీవితాంతం నా పనివాడే అని ఆకీషు లెక్క వేసుకున్నాడు (27:12). ఈ మాట చదివినప్పుడల్లా నాకు కొందరు యజమానులు గుర్తొస్తారు. ఆ రోజుల్లో దావీదు ఆకీషుకు అబద్ధాలు కూడా చెప్పాడు. బైబిలు దాన్ని దాచలేదు, మనమూ దాచొద్దు.

యుద్ధానికి పోతే, నువ్వు మాకు వద్దు పొమ్మని ఫిలిష్తీయుల సర్దారులు వెనక్కి పంపారు. మూడో రోజు ఇల్లు చేరేసరికి ఊరు కాలిపోయి ఉంది. అమాలేకీయులు ఆడవాళ్లను, పిల్లలను పట్టుకుపోయారు. ఇక ఏడ్వటానికి ఓపిక లేనంతగా ఏడ్చారని 4వ వచనంలో ఉంది. యుద్ధం చేసే మగవాళ్లు! విశ్వాసి ఏడ్వకూడదు అని ఎవరైనా మీకు చెబితే ఈ వచనం చూపించండి. ఆ తర్వాత తనతో ఉన్నవాళ్లే దావీదును రాళ్లతో కొట్టి చంపాలని మాట్లాడుకున్నారు. మన ఊళ్లో కూడా అంతే కదా. అప్పు ఇచ్చినవాడు, బావమరిది, ఒక్కోసారి సొంత తమ్ముడు, "నిన్ను నమ్మి మునిగిపోయాం" అంటారు.

అక్కడ 6వ వచనం చివర, దావీదు తన దేవుణ్ని బట్టి తనకు తాను ధైర్యం తెచ్చుకున్నాడని ఉంది. ఆ సమయంలో ఏం ప్రార్థన చేశాడో, ఏం పాట పాడాడో అక్కడ రాయలేదు. మేము ప్రసంగాల్లో దానికి చాలా కలుపుతాం, కానీ వాక్యంలో ఉన్నది అంతే. నేను గమనించింది ఒకటి చెబుతాను. 23వ అధ్యాయం 16వ వచనం చూడండి. అప్పుడు దావీదు అడవిలో దాక్కుని ఉంటే యోనాతాను అంత దూరం వెతుక్కుంటూ వచ్చి దేవునియందు అతన్ని బలపరిచి వెళ్లాడు. సిక్లగులో యోనాతాను లేడు. ఒకప్పుడు స్నేహితుడు చెప్పిన మాటలే ఈ రోజు దావీదు తనకు తాను చెప్పుకుని ఉంటాడని నాకనిపిస్తుంది. మీకు ఎవరైనా యోనాతాను ఉన్నారా? ఉంటే ఈ రాత్రే ఫోన్ చేయండి. "బాగున్నాను" అని మాత్రం చెప్పకండి, ఉన్నది చెప్పండి.

ధైర్యం తెచ్చుకున్నవాడు వెంటనే కత్తి పట్టుకుని పరుగెత్తలేదు. యాజకుడైన అబ్యాతారును పిలిచాడు, ఏఫోదు తెప్పించాడు, తరమమంటావా వద్దా అని దేవుణ్ని అడిగాడు. తరుము, అంతా తిరిగి దక్కుతుంది అని జవాబు వచ్చాక కదిలాడు. ఇక్కడ ఒక మాట గట్టిగా చెప్పాలి. ఆ జవాబు దేవుడు ఆ రోజు దావీదుకు ఇచ్చాడు. దాన్ని తీసుకుని, "ఏడు రోజులు ఉపవాసం ఉండండి, విత్తన కానుక పంపండి, మీ వీసా వచ్చేస్తుంది" అని ఫార్వర్డ్‌లు పంపేవాళ్లు ఉన్నారు. ఆ అంకెలు వాళ్లకు దేవుడు ఇచ్చినవి కావు. 60 రోజుల్లో ఒక్క రోజు కూడా వాళ్ల మీద పెట్టుకుని పోగొట్టుకోకండి.

ఇప్పుడు నాకు ఈ అధ్యాయంలో అన్నిటికంటే ఇష్టమైన చోటు, 11 నుంచి 15 వచనాలు. పొలంలో ఒక ఐగుప్తీయుడు పడి ఉన్నాడు. ఒక అమాలేకీయుడి దగ్గర పనివాడు. మూడు రోజుల క్రితం జబ్బు చేస్తే యజమాని అక్కడే వదిలేసి పోయాడు. మూడు పగళ్లు, మూడు రాత్రులు తిండి లేదు, నీళ్లు లేవు. పరదేశి, రోగి, యజమాని వదిలేసినవాడు. మూడు వేల ఏళ్ల నాటి మాట, నిన్న జరిగినట్టు లేదా?

దావీదు మనుషులు ముందు అతనికి రొట్టె, నీళ్లు, అంజూరపు ముద్దలో ఒక ముక్క, రెండు ఎండు ద్రాక్ష గెలలు పెట్టారు. ప్రాణం తేరుకున్నాకే, నువ్వెవరివాడివి అని అడిగారు. అన్నం ముందు, ప్రశ్న తర్వాత. నేను గల్ఫ్‌లో కూలి పని చేసేటప్పుడు ఒకసారి జ్వరంతో క్యాంపు గదిలో పడి ఉన్నాను. ఫోర్‌మన్ తలుపు దగ్గరే నిలబడి ఎన్ని రోజులు అబ్సెంట్ వేయాలో రాసుకుని పోయాడు. పక్క మంచం మీది పాకిస్తానీ అన్న మాత్రం రోజూ ఖుబ్బూస్, పప్పు తెచ్చి నా తలగడ దగ్గర పెట్టేవాడు. నాది ఏ మతమని అడగలేదు. ఆయన ముఖం చూశాకే నాకు ఈ వచనాలు అర్థమయ్యాయి.

ఆ ఐగుప్తీయుడు ఒక్కటే అడిగాడు. నన్ను చంపనని, నా యజమాని చేతికి మళ్లీ అప్పగించనని దేవుని పేరున ప్రమాణం చెయ్యి అన్నాడు. అతని భయం చూడండి. దారి చూపించిందీ అతనే. యజమాని పనికిరాడని పారేసినవాడు లేకపోతే దావీదుకు ఆ దండు ఎక్కడుందో తెలిసేది కాదు.

కాబట్టి అడగడానికి సిగ్గుపడకండి. జీతం సంగతికి ఏకాస్ నంబరు 0300 123 1100. బెదిరించి, పాస్‌పోర్టు లాక్కుని పని చేయిస్తుంటే మోడరన్ స్లేవరీ హెల్ప్‌లైన్ 08000 121 700. మనసు చీకటై చావు ఆలోచన వస్తే సమారిటన్స్ 116 123, ఏ గంటకైనా, ఉచితం. వీసా సలహా సొలిసిటర్ దగ్గరో, గుర్తింపు ఉన్న ఇమ్మిగ్రేషన్ అడ్వైజర్ దగ్గరో తీసుకోండి, వాట్సాప్ ఏజెంటు దగ్గర కాదు. స్పాన్సర్‌షిప్ సర్టిఫికెట్ ఫీజు కంపెనీ కట్టుకోవాలి. దానికి మీ దగ్గర మళ్లీ వేల పౌండ్లు అడిగేవాడికి దూరంగా ఉండండి. 2025 జూలై 22 నుంచి బయటి దేశాల నుంచి కొత్త కేర్ వర్కర్లను తీసుకోవడం ఆపేశారు. అక్కడ ఇప్పటికే కేర్ పని చేస్తున్నవాళ్లు కంపెనీ మారే దారి 2028 జూలై దాకా ఉంటుందని అప్పుడు చెప్పారు. రూల్స్ మారుతుంటాయి, అడిగి ఖాయం చేసుకోండి.

చివరి సంగతి ఉద్యోగం బాగా ఉన్నవాళ్లకు. 600 మందిలో 200 మంది అలసిపోయి బెసోరు వాగు దాటలేక సామాను దగ్గర ఆగిపోయారు. గెలిచి వచ్చినవాళ్లలో కొందరు, వాళ్లకు భార్యాబిడ్డల్ని ఇస్తే చాలు, సొమ్ము ఇవ్వొద్దన్నారు. దావీదు వాళ్లను సహోదరులారా అని పిలిచి, అలా కుదరదన్నాడు. యుద్ధానికి పోయినవాడికి ఎంతో, సామాను కాసినవాడికీ అంతే. దాన్ని ఇశ్రాయేలులో కట్టడగా పెట్టాడు (30:25). మీ ఫెలోషిప్‌లో షిఫ్టులు పోయి రావడం మానేసిన కుటుంబం ఉందేమో చూడండి. ఈ నెల వాళ్ల రూమ్ రెంట్ నలుగురూ పంచుకోండి. వెళ్లేటప్పుడు ఒక బియ్యం బస్తా కూడా పట్టుకెళ్లండి, ప్రార్థన తిన్నాక చేసుకోవచ్చు.

ప్రార్థన: తండ్రీ, పొలంలో పడి ఉన్నవాణ్ని చూసిన దేవా, ఈ రాత్రి లెటర్ పట్టుకుని నిద్రపట్టక ఉన్న నీ బిడ్డను చూడు. ఇంటి దగ్గర ఫోన్ కోసం చూస్తున్న తల్లిని, భార్యను, పిల్లల్ని చూడు. ఒక యోనాతానును పంపు. యేసు నామమున వేడుకొనుచున్నాము తండ్రీ, ఆమేన్.