పిల్లల పన్ను, వైద్యుని భయము, బొమ్మలాట

పన్ను అనగానే పంచాయతీ సభ్యులకు ఇంటిపన్ను, నీటిపన్ను గుర్తువచ్చును. సామర్లకోట విస్తరణ శిక్షణ కేంద్రమున వాటిని గూర్చి విని వచ్చిన సభ్యులకు ఇచట పసిపిల్లల నోటిలోని పన్నును గూర్చి కొంత చెప్పవలసియున్నది.

"అల్లరి చేసితివా, డాక్టరుగారిచేత పళ్లు పీకించెదను" అని బెదిరించని ఇల్లు అరుదు. అన్న తల్లి మరునిమిషమున మరచును, పిల్లవాడు మరువడు. పిమ్మట ఒకనాడు పన్ను పుచ్చి, రాత్రియంతయు ఏడ్చిన బిడ్డను సామర్లకోట ఆసుపత్రికో కాకినాడకో తీసికొనిపోవుదురు. అచట వాడు నోరు తెరువడు. తెరువని నోటికి ఎంతటి వైద్యుడైనను ఏమి చేయగలడు?

పాలపళ్లు ఎట్లును ఊడునవే కదా యని ఉపేక్షింపరాదు. ఇరువది పాలపళ్లలో ముందరివి ఆరేడేండ్లకు ఊడినను, వెనుకటి దవడపళ్లు పది, పండ్రెండేండ్ల వరకు ఉండవలసినవి. రానున్న పళ్లకు అవియే చోటు కాచి యుంచును.

ఈ భయమునకు మందు పిల్లల చేతిలోనే యున్నది. లక్కపిడతలో లేని అన్నమును వండి వడ్డించు మూడేండ్ల పిల్ల, బొమ్మ నోటిలో లేని పిప్పిపన్నును చూడలేదా? కావలసినవి ఒక బొమ్మ, చిన్న అద్దము, చెంచా మాత్రమే. మొదట పిల్లయే డాక్టరు కావలెను, ఇది ముఖ్యము. ఏలయన, కుర్చీలో పరుండిన బిడ్డకు తన చేతిలో ఏమియు లేదను భావమే సగము భయము. బొమ్మ పళ్లు లెక్కించిన పిమ్మట అమ్మ నోరు తెరచి చూపవలెను. చివరకు పిల్ల అమ్మ ఒడిలో పరుండి తన పళ్లు లెక్కింపించుకొనును. ముఖమునకు తువాలు కట్టుకొనుట, తుమ్మెదవలె రొదచేయుట కూడ ఆటలో చేర్చినచో, వైద్యుని ముసుగు, యంత్రపు ధ్వని కొత్తగా తోచవు. చేయి ఎత్తినచో ఆట ఆగవలెను. ఈ సంజ్ఞను వైద్యునికి ముందుగా చెప్పుట మేలు.

ఆటలో సూది, పట్టకారు వలదు. "అసలు నొప్పియే యుండదు" అనుటయు వలదు. ఒకసారి అబద్ధమని తేలినచో రెండవసారి బిడ్డ నమ్మడు. వైద్యులును ముందు చెప్పి, చూపి, పిమ్మటనే చేయుదురు. ఈ పద్ధతిని 1959లో ఆడెల్‌స్టన్ అను అమెరికా దంతవైద్యుడు వివరించెను.

2013లో ప్రారంభమైన రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమము క్రింద వైద్యబృందము అంగన్‌వాడీ పిల్లలను ఏటికి రెండుసార్లు పరీక్షించుట నియమము. పళ్లను చూచుటయు అందులోనిదే. బృందము వచ్చు తేదీని సభ్యులు ముందుగా తెలిసికొని, అంతకు వారము ముందునుండి రోజుకు పది నిమిషములు ఈ ఆట ఆడింపుమని కార్యకర్తను కోరవచ్చును. తల్లులను కూడ పిలిపించినచో బెదిరింపు మాటను గూర్చి అచటనే చెప్పవచ్చును. పంచాయతీకి అయ్యెడి ఖర్చు నాలుగు చేతి అద్దములు!

అయితే దవడ వాచి జ్వరము వచ్చిన బిడ్డకు ఆట పేరిట ఆలస్యము చేయరాదు. ఆ పూటయే ఆసుపత్రికి తీసికొనిపోవలెను.